రైట్ రైట్: కన్యాకుమారికి ఒక్కటే టికెట్టు

(ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరై కడపలో ఉంటున్న అక్క, ప్రయాణాల మీద పాఠకులు రాసే ఉత్తరాలకు ఇచ్చే జవాబులు)

ప్రశ్న: కండక్టరక్కకు నమస్కారం. మాది ప్రొద్దుటూరు. నాకు 51 ఏళ్ళు. మా ఆయనకు బట్టల అంగడి ఉంది. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం, కూతురిని నంద్యాలలో ఇచ్చినాము. ఏడో తరగతిలో సోషల్ అయ్యవారు మ్యాపు మీద బెత్తం ఆనించి ‘ఇదీ మన దేశం కొస, ఈడ మూడు సముద్రాలు కలుస్తాయి’ అని చూపించినాడు. అప్పటినుంచి కన్యాకుమారి చూడాలని నాకు ఆశ. మా ఆయన అంగడి విడిచి రాడు. ‘వచ్చే ఏడు పోదాం’ అంటా అంటానే పిల్లోళ్ళ పెళ్ళిళ్ళు కూడా అయిపోయినాయి. ఈసారి కొడుకుతో చెప్పి నా ఒక్కదానికే టికెట్టు తీయించుకున్నా. కడపలో పగలెక్కితే మర్నాడు పగలు కన్యాకుమారిలో దిగుతా. స్లీపరు, కింది బెర్తు వచ్చింది. అక్కడ రెండు రాత్రులుండి వచ్చేద్దామని.

టికెట్టు వచ్చిన రోజు సంతోషంగానే ఉన్నా. ఆ రాత్రి నుంచి మొదలైంది. కడుపులో దేవినట్టుంటుంది, అన్నం సయించదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువొస్తే మళ్ళీ నిద్ర పట్టదు, గుండె దడదడ కొట్టుకుంటుంది. ట్రైనులో ఏమైనా అయితే? దిగాల్సిన స్టేషను దాటిపోతే? టికెట్టు పోతే? తమిళం ఒక్క ముక్క రాదు, ఎవరినైనా అడగాల్సొస్తే? రూములో రాత్రిపూట ఎవరైనా తలుపు కొడితే? మా ఆడబిడ్డ ‘ఈ వయసులో ఒక్కదానివే ఈ తిరుగుళ్ళేంది వదినా’ అనింది. మా ఆయనేమో ‘పోతే పో, నేనేమన్నా వద్దంటినా’ అంటాడు. ఫోనులో క్యాన్సిల్ నొక్కే చోటు దాకా పోయి వెనక్కొచ్చినా. ఇంత భయం వేస్తాందంటే పోవద్దని మనసు చెప్తాన్నట్టేనా అక్కా? ధైర్యం రావాలంటే ఏం చేయాలి?
– ఒక చెల్లెలు, ప్రొద్దుటూరు

జవాబు: క్యాన్సిల్ చేయొద్దు చెల్లీ. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం.

సర్వీసంతా బస్సులో నిలబడి నేను గమనించింది చెప్తా. భయపడే మనుషులు బండి నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటారు. వాళ్ళ కంగారంతా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు. మీ ఊరి బస్టాండులో ‘ఇది కడపకేనా’ అని డ్రైవరునడిగి, నన్నడిగి, సీట్లో కూర్చున్నోళ్ళనడిగి, కూర్చున్నాక టికెట్టు తీసుకుంటా మళ్ళీ నన్నే అడిగే ఆమె, చాపాడు దాటేసరికి పక్క సీటామెకు కోడలి సంగతులు చెప్తా ఉంటుంది. మైదుకూరులో చెనక్కాయలు కొని ఒలుచుకుంటా నవ్వుతుంది. కడప ఊర్లోకి వచ్చేసరికి సంచి ఒళ్ళోకి లాక్కుని, బస్సు ఆగకముందే లేచి నిలబడి, ముఖమంతా మళ్ళీ మారిపోతుంది. నడుమ అన్ని కిలోమీటర్లు ఆ భయం ఎక్కడుండింది? దానికి పని లేక గమ్మునుండింది, అంతే.

నీ ఉత్తరం ఇంకొకసారి చదువుకో. వెయ్యి కిలోమీటర్ల పైమాట ప్రయాణం నీది. అందులో నిన్ను నిద్ర లేపేవి ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని చోట్లు: కడప ప్లాట్‌ఫారం, రాత్రి బెర్తు, కన్యాకుమారిలో దిగి రూము చేరడం, ఆ రూములో తలుపేసుకున్నాక మొదటి రాత్రి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మారే చోట్లే అన్నీ. వాటిని తేల్చుకోకుండా ధైర్యం రమ్మంటే యాణ్ణుంచి వస్తుంది? మూడింటికి లేచినప్పుడు నీ బుర్ర చేసే పని కూడా అదే. తేలని వాటిని మళ్ళీ మళ్ళీ ముందుకు తోస్తా ఉంటుంది. అది అపశకునం కాదు. మనసు పోవద్దని చెప్పేదుంటే టికెట్టు తీయకముందే చెప్పుండేది.

కాబట్టి ‘ఏమైనా అయితే’ అనే మాటను ఇంట్లోకి రానీయొద్దు. ఏమైతే? పేరు పెట్టి చెప్పు.

స్టేషను దాటిపోతే అన్నావు. దాటిపోయేదానికి అక్కడ పట్టాలుంటే కదమ్మా! కన్యాకుమారి కొస స్టేషను, ట్రైను ఇంక ముందుకు పోదు. నువ్వు నిద్రపోయినా ఊడ్చేవాళ్ళు వచ్చి లేపుతారు. నాగర్‌కోయిల్ వచ్చిందంటే చెప్పులేసుకో, అంతకుముందు కంగారు పడినా వేస్టే.

టికెట్టు పోతే అన్నావు. నీది మీవాడు ఫోనులో తీసిన టికెట్టు. మెసేజీ, దాంతోపాటు ఒరిజినల్ ఆధార్ కార్డు చూపిస్తే సరిపోతుంది. ఫోన్ చార్జింగ్ అయిపోతుందని అనుమానముంటే ఒక కాగితం మీద ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకో, పిఎన్ఆర్ నంబరు ఇంకో కాగితం మీద రాసి జాకెట్లో పెట్టుకో. ఇంకా భయమా? సరే, అసలు టికెట్టే లేకుండా దొరికినావనుకో. మగతోడు లేని ఆడమనిషిని దారిలో ఎక్కడంటే అక్కడ దించడానికి వీల్లేదని 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ చెప్తుంది. ఎక్కిన స్టేషనులో గానీ, జంక్షనులో గానీ, ఆఖరి స్టేషనులో గానీ, జిల్లా కేంద్రంలో గానీ దించాలి, అదీ పగటిపూటే. టికెట్లు అడిగే పని చేసినదాన్ని కాబట్టి ఈ సెక్షన్ అంటే నాకు చాలా ఇష్టం. నీకు దాంతో అవసరం పడదు, ఊరికే తెలుసుకుంటే రాత్రి నిద్ర పడుతుందని చెప్తున్నా.

రాత్రి సంగతి. కింది బెర్తు నీకు ఊరికే రాలేదు. 45 దాటిన ఆడోళ్ళకు, మనం అడక్కపోయినా, ఖాళీ ఉంటే కంప్యూటరే కింది బెర్తు వేస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పడుకునే టైము. ఆ టైములో ‘కొంచెం జరుగు తల్లీ, వచ్చే స్టేషనులో దిగిపోతా’ అని ఎవరన్నా వస్తారు. జరగొద్దు. మొహమాటపడి జరిగితే తెల్లవార్లూ కాళ్ళు ముడుచుకుని కూర్చోవాల్సొస్తుంది. ఎక్కిన వెంటనే మీ పెట్టెలో పిల్లాజెల్లాతో ఉన్న కుటుంబాన్ని చూసి పలకరించు, యాడికి పోతున్నారో అడుగు. ‘మా మరిది స్టేషనుకు వస్తాడు’ అని మాటల్లో మాటగా అనేయ్. అబద్ధమే. ఒంటరిగా పోయే ఆడమనిషికి ఈ ఒక్క అబద్ధానికి నేను పర్మిషనిస్తున్నా. రూము పేరు మాత్రం ఎంత మంచివాళ్ళయినా చెప్పొద్దు. వాళ్ళు పెట్టింది తినొద్దు. కడుపు బాగాలేదని చెప్పు, అది నిజమే కాబట్టి తడబడవు కూడా.

రైల్వే పోలీసుల్లో ఆర్‌పీఎఫ్ వాళ్ళు 2020 నుంచి ‘మేరీ సహేలీ’ అని ఒకటి నడుపుతున్నారు. దూరం పోయే ట్రైన్లలో ఒంటరిగా ఉన్న ఆడోళ్ళ దగ్గరికి మహిళా సిబ్బంది వచ్చి, పలకరించి, బెర్తు నంబరు రాసుకుని దారిలో ఉండే వాళ్ళకు చెప్తారు. వస్తే సంతోషం. రాకపోయినా నీ ఫోనులో 139 ఉంటుంది, ఇది రైల్వేది. దేశంలో యాడున్నా పోలీసుకు 112. ఈ రెండూ పేర్లతో సేవ్ చేసుకో, కంగారులో అంకెలు గుర్తుకు రావు. మీ పెట్టె టీటీఈ ముఖం గుర్తుపెట్టుకో.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది దిగినాక మొదటి గంట గురించి. రూము ముందే తీసుకున్నావో లేదో ఉత్తరంలో లేదు. తీసుకోకపోతే ఈ పేపరు కింద పెట్టి ఆ పని చేయ్. ‘పోయినాక చూసుకుందాం’ అనేది మగోళ్ళ గుంపులకు సరే, మొదటిసారి పోయే నీకొద్దు. వివేకానంద కేంద్రం వాళ్ళకు వివేకానందపురంలో యాత్రికుల గదులున్నాయి. పెద్ద ఆవరణ, ఊరికి కొంచెం ఎడంగా ఉంటుంది, కుటుంబాలు దిగే చోటు. అక్కడ కాకపోయినా సరే, కుటుంబాలు దిగే చోటే చూసుకో. బయల్దేరే ముందురోజు నువ్వే, మీవాడు కాదు, నువ్వే ఫోను చేసి మూడు సంగతులడుగు: నా పేరు మీద రూము ఉందా, ఎన్నింటి నుంచి ఇస్తారు, స్టేషను నుంచి ఆటోకు ఎంతవుతుంది. తెలుగులోనే అడుగు. అర్థం కాకపోతే వాళ్ళే తెలుగొచ్చినోళ్ళకు ఇస్తారు, రోజూ మనోళ్ళు వందలమంది పోయే ఊరది. ఆ గొంతు ఒకసారి విన్నావంటే ఆ ఊర్లో నీకు తెలిసినోళ్ళు ఒకరున్నట్టే. స్టేషను నుంచి సముద్రం కిలోమీటరు దూరమే. మిట్టమధ్యాహ్నం వెలుతురులో దిగుతావు. రాత్రి రెండింటికి దింపే బండి తీసుకోకుండా పగలెక్కి పగలు దిగే బండి తీసినాడు చూడు, మీవాడికి ఆ తెలివి ఎవరిదో గానీ మెచ్చుకోవాలి.

రూములో పోయేసరికి గడియ సరిగా పడుతుందో లేదో చూడు, పడకపోతే ‘మార్చండి’ అను, సిగ్గేం లేదు. తలుపు కింద దూర్చే రబ్బరు బిళ్ళ అంగళ్ళలో దొరుకుతుంది, ఒకటి తీసుకుపో. ఎవరన్నా కొడితే తలుపు తీయకుండా లోపల్నుంచే ‘ఎవరు?’ అని గట్టిగా అడుగు, కింద కౌంటరుకు ఫోను చేసి ‘మీవాళ్ళను ఎవరినైనా పంపినారా’ అని కనుక్కో. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు దుప్పటో, నీళ్ళ బాటిలో తెచ్చిన పిల్లోడయ్యుంటాడు. వాడు నిలబడితే నిలబడనీ.

వెనక్కి టికెట్టు మాట నువ్వు ఎక్కడా రాయలేదు. అది కన్ఫర్మ్ కాకుండా ఉందేమో, ఆ గుబులు కూడా నీ కడుపులోనే ఉందేమో చూసుకో. స్లీపరులో ఆడోళ్ళకని విడిగా కోటా ఉంటుంది, దూరపు ట్రైన్లలో ఆరు బెర్తులు, వయసుతో పని లేదు. మీవాణ్ణి అందులో చూడమను.

ఇప్పుడు నీ ఒళ్ళు సంగతి. భయపడినప్పుడు అడ్రినలిన్ పారుతుంది, గుండె వేగం పెరుగుతుంది, కడుపు తన పని ఆపుకుంటుంది. అందుకే దేవినట్టుండేది, అన్నం సయించనిది. అన్నం మానొద్దు. కారం, మసాలా తగ్గించి మెత్తగా మజ్జిగన్నమో, సంగటి పలచగా చేసుకునో కొంచెం కొంచెం తిను. సాయంత్రం నాలుగు దాటినాక కాఫీ టీలు మానేయ్. దడ మొదలైనప్పుడు ముక్కుతో గాలి పీల్చి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదులు. లెక్క పెట్టుకుంటా అయిదు నిమిషాలు చేయ్. లోపలికి తీసుకునేదానికంటే బయటికి వదిలేది పొడుగుగా ఉండాలి, గుట్టంతా అందులోనే ఉంది.

పడుకునే ముందు కాగితం, పెన్ను పట్టుకో. అమెరికాలో బేలర్ యూనివర్సిటీలో నిద్ర మీద పనిచేసే మైకేల్ స్కలిన్ బృందం 2018లో ఒక సంగతి తేల్చింది. పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు, ముందు చేయాల్సిన పనులు రాసుకున్నోళ్ళు, అయిపోయిన పనులు రాసినోళ్ళ కంటే తొందరగా నిద్రపోయినారు. ఎంత వివరంగా రాస్తే అంత తొందరగా. మా కండక్టర్లం డ్యూటీ దిగి డిపోలో లెక్క కట్టి డబ్బు అప్పజెప్పినాకే ఇంటికి పోయి పడుకునేవాళ్ళం, ఇదీ అట్లాంటిదే. ‘బ్యాగు సర్దాలి’ అని రాయొద్దు. ‘రేపు పొద్దున మిద్దె మీది బ్యాగు దింపి జిప్పు చూడాలి’ అని రాయి. ఇక మూడింటికి మెలకువొచ్చినప్పుడు ఒకటే రూలు: పాలోడు వచ్చేదాకా ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, ఫోను ముట్టుకోవద్దు.

ఒక మాట దాచకుండా చెప్తా. 51 అంటే ముట్టు ఆగే వయసు. ఆ మార్పులో కూడా గుండె దడ, రాత్రి మెలకువలు, ఉన్నట్టుండి చెమట పడతాయి. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది. ప్రయాణం పేరు చెప్పి దాన్ని పట్టించుకోకపోవద్దు. టికెట్టు తీయకముందు కూడా ఉండిందా, ఎక్కువైందా అని చూసుకో. బీపీ చూపించుకో, డాక్టరమ్మకు చెప్పు. ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే ఈరోజే పో. నిద్ర మాత్ర మాత్రం ఎవరిచ్చినా ట్రైనులో వేసుకోవద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు ఒళ్ళు తెలియకుండా పడుకోకూడదు.

బయల్దేరేలోగా చేయాల్సిన పని ఇంకోటుంది. ఒకరోజు ఒక్కదానివే ఒంటిమిట్ట పోయిరా. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగుల్లో, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే కదా, డబ్బు ఖర్చని మీ ఆయన అనేదానికీ లేదు. ప్రొద్దుటూరు నుంచి కడప, అక్కడ బస్సు మారి ఒంటిమిట్ట. ఎవరినీ తోడు తీసుకోవద్దు, మీవాడికి ఫోను చేయొద్దు. బస్సు ఎక్కడొస్తుందో తెలిసినా సరే కావాలనే ఇద్దరినడుగు. ఆ గుడి బాగుచేయించడానికి వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయచిప్ప చేతబట్టి ఊరూరా తిరిగి అడిగినాడు, నువ్వు బస్సెక్కడని అడగలేవా? రాముణ్ణి చూసుకుని, కడపకొచ్చి ఏదో ఒక హోటల్లో ఒక్కదానివే కూర్చుని కారం దోశ తిను. పార్సిల్ కట్టించుకోవద్దు. ఆడోళ్ళకు ట్రైనెక్కడం కంటే ఇదే కష్టమని నా అభిప్రాయం. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటే అందరూ మననే చూస్తున్నారనిపిస్తుంది. ఎవరూ చూడరు, వాళ్ళ దోశ వాళ్ళది. తిన్నాక రైల్వే స్టేషనుకు పో, ప్లాట్‌ఫారం టికెట్టు పది రూపాయలు. లోపల ఒకసారి నడువు. మెట్లు ఎక్కడ, నీళ్ళు ఎక్కడ, ఆడోళ్ళు కూర్చునే గది ఎక్కడ, పెట్టె నంబర్లు వేసే బోర్డు ఎక్కడ. ఆ రోజు ఎక్కేది కొత్త చోటు కాకుండా పోతుంది. నీ ట్రైను కూడా ఒంటిమిట్ట మీదుగానే పోతుంది, నందలూరు, రాజంపేట, కోడూరు. కోడూరు దగ్గర మామిడి తోటలు, అరటి తోటలు కిటికీలోంచి చూస్తా ఉంటే ధైర్యం వచ్చిందా లేదా అని చూసుకోవడం కూడా మర్చిపోతావు. ముందుగా వచ్చి ఇంట్లో కూర్చునే రకం కాదు ధైర్యం, కోడూరు దాకా పోతేనే కనబడుతుంది.

బ్యాగు నీ చేత్తో ఎత్తగలిగినంతే ఉండాలి. సర్దినాక దాంతో మీ మిద్దె మెట్లు ఆగకుండా ఎక్కు. మధ్యలో దించినావంటే రెండు చీరలు తీసేయ్. ఇంకోటి, ప్రొద్దుటూరుదానివి కాబట్టి గట్టిగా చెప్తున్నా: బంగారం ఇంట్లో పెట్టు. మీ ఊర్లో పాలపాకెట్టుకు పోయినా మెళ్ళో నాలుగు పేటలుంటాయి. పసుపుతాడు, చెవులకు చిన్న కమ్మలు చాలు. డబ్బు రెండు చోట్ల పెట్టుకో, ఫోన్‌పే ఉన్నా కొంచెం నోట్లుండాలి.

కన్యాకుమారిలో ఏం చూడాలో నేను చెప్పక్కర్లేదు, ఏడో తరగతి నుంచి చూస్తున్నావు. పడవలో వివేకానంద రాక్‌కు పోవాలంటే పొద్దున్నే లైన్లో నిలబడు. పక్కనే తమిళ కవి తిరువళ్ళువర్ విగ్రహం, 133 అడుగులు, ఆయన రాసిన తిరుక్కురళ్‌లో 133 అధ్యాయాలని ఆ ఎత్తు. రెండిటికీ నడుమ 77 మీటర్ల అద్దాల వంతెన వేసి 2024 డిసెంబరులో తెరిచినారు, కాళ్ళ కింద సముద్రం కనబడుతుంది. దానిమీద ఎక్కి తీరాలని పట్టుబట్టొద్దు. కాళ్ళు వణికితే ఇవతలే కూర్చుని చూడు, కొంపేం మునగదు. సముద్రం ఎగిరెగిరి పడే రోజు పడవలు ఆపేస్తారు. ఆపేస్తే అలిగి రూములో కూర్చోకుండా ఒడ్డున కూర్చో.

మీ ఆడబిడ్డను ఒక్కటడుగు: ‘నువ్వెప్పుడైనా ఒక్కదానివే ఎక్కడికైనా పోయినావా?’ పోయుంటే ఆమె మాట విను, పనికొస్తుంది. పోకపోతే ఆమెకు గవ్వలు తెస్తానని చెప్పు. ‘పోతే పో’ అన్న మీ ఆయన మాటను పర్మిషను కింద రాసుకో. ముప్పై ఏళ్ళ కాపురంలో అంతకంటే తియ్యగా మాట్లాడే మొగుళ్ళు నా బస్సులో ఎక్కువమంది ఎక్కలేదు.

ప్రశ్న: అక్కా, నాకు 23. కర్నూలు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకని మొదటిసారి ఒక్కదాన్నే హైదరాబాదు పోవాలి. పొద్దున పదికి ఇంటర్వ్యూ. రాత్రి బస్సులో పోతే తెల్లవారుజామున దిగుతా. నాకు బస్సులో వాంతులవుతాయి. ఇంటర్వ్యూ కంటే దాని భయమే ఎక్కువగా ఉంది.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పాపా, రెండు భయాలు ఒక మూటలో కట్టుకున్నావు, విప్పేయ్. కర్నూలు నుంచి హైదరాబాదు పగటిపూట నాలుగైదు గంటల దారి. ముందురోజు పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి దిగు. చుట్టాలింట్లోనో, స్నేహితురాలి హాస్టల్లోనో పడుకో. తెల్లవారుజామున నాలుగింటికి బస్టాండులో దిగి, ముఖం కడుక్కుని, నలిగిన డ్రెస్సుతో ఇంటర్వ్యూకు పోవడమేంటి? ఒక రాత్రి రూము డబ్బులు మిగుల్చుకునేదానికి ఉద్యోగం పోగొట్టుకునే లెక్క అది.

వాంతులకు: ముందు సీట్లలో, కిటికీ పక్కన కూర్చో. వెనక చక్రం మీద సీటు ఇస్తే వద్దను. ఫోను చూడొద్దు, అద్దంలోంచి దూరంగా చూడు. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు తిని ఎక్కు. పూరీ, ఉగ్గాని బజ్జీ తిరిగొచ్చేటప్పుడు. అవోమిన్ లాంటి మాత్ర వేసుకుంటే ఎక్కడానికి ముందే వేసుకోవాలి, వాంతి మొదలైనాక అంతగా పనిచేయదు. మత్తుగా ఉంటుంది కాబట్టి ఇంటర్వ్యూ రోజు వద్దు, ముందురోజు పోవడానికి ఇదొక కారణం. ఒకసారి ఇంట్లో ఉన్నప్పుడు, డాక్టరునడిగి, వేసుకుని చూడు. సంచిలో పాలిథిన్ కవర్లు రెండు పెట్టుకో. కవరు చేతిలో ఉంటే సగంమందికి వాంతి రాదు, ఇది నేను కళ్ళారా చూసినా.

బైపాసులో ఎక్కడో దిగొద్దు. ఎంజీబీఎస్ దాకా పో, బస్టాండుకు ఆనుకునే మెట్రో స్టేషనుంది. ఇంటర్వ్యూ చేసే ఆఫీసు సాయంత్రమే ఒకసారి బయటినుంచి చూసిరా.

ప్రశ్న: అమ్మా, నా భార్య పెళ్ళయినాక మొదటిసారి ఒక్కతే మైసూరు పోతాంది, వాళ్ళ కాలేజీ స్నేహితురాళ్ళను కలవడానికి. హంపీ ఎక్స్‌ప్రెస్‌లో అనంతపురంలో ఎక్కిస్తా. ఆమెకేం భయం లేదు. భయమంతా నాకే. గంటకొకసారి ఫోను చేస్తానంటే కోప్పడుతాంది. ఎన్నిసార్లు చేయొచ్చు?
– ఒక భర్త, అనంతపురం

జవాబు: తమ్ముడూ, ఎక్కినాక ఒకసారి, దిగినాక ఒకసారి. రెండూ ఆమే చేస్తుంది. అది అర్ధరాత్రి దాటినాక అనంతపురం వచ్చే బండి. ఆ వేళ ఆమె పడుకోవాలి, నువ్వు ఫోను చేసి లేపి ‘పడుకున్నావా’ అని అడగొద్దు. రైలు ఎక్కడుందో తెలుసుకోవాలంటే ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ యాప్ చూసుకో, అది ఎన్నిసార్లడిగినా కోప్పడదు. స్టేషనులో ఎక్కించేటప్పుడు ‘జాగ్రత్త, జాగ్రత్త’ అనొద్దు. లేని భయాన్ని బ్యాగులో పెట్టి పంపినట్టవుతుంది. ‘మైసూరుపాకు తీసుకురా’ అను చాలు.

ఇంట్లో గ్యాసు అయిపోతే రెండో సిలిండరు బుడ్డి యాడుంది, పాలోడికి ఎంత బాకీ, నీ బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉన్నాయి, ఇవన్నీ ఈరోజే ఆమెనడిగి రాసిపెట్టుకో. నీ ఫోన్లలో సగం వాటికోసమే ఉంటాయి.